ముత్తాతగారి జాడ: పేరు కంటే ముందు పొలాన్ని వెతకండి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ తాతగారి తండ్రి పూర్వపు బాపట్ల తాలూకాలోని ఒక గ్రామంలో వ్యవసాయం చేసుకుని బతికారు. ఆయన పేరు, గోత్రం, ఆశ్వయుజ బహుళ ఏకాదశి నాడు తద్దినం పెట్టే ఆనవాయితీ, "పెద్ద జ్వరాల ఏడు పోయారు" అన్న ఒక మాట తప్ప ఇంట్లో మరేమీ మిగల్లేదు. ఆయన ఎప్పుడు పుట్టారో, ఆయన తండ్రి ఎవరో, ఉన్న పొలం ఎలా చేజారిందో, ఓడెక్కి వెళ్ళిపోయాడని చెప్పుకునే ఆయన తమ్ముడు ఏమయ్యాడో మీకు తెలియాలి. పల్నాడులో ఇదే ఇంటిపేరుతో ఉన్నవారు మీ వాళ్ళేనా అన్నది మీ చివరి సందేహం. పాత దస్తావేజులతో, రెవెన్యూ లెక్కలతో చాలా కాలంగా పని చేస్తున్నవాణ్ణి కనుక, నాకు రూఢిగా తెలిసినంత మేరకు చెబుతాను.

విదేశీయులు రాసిన వంశవృక్ష మార్గదర్శకాలు చదివి చాలామంది జనాభా లెక్కలతో మొదలుపెట్టాలనుకుంటారు. మన దేశంలో ఆ దారి మూసుకుపోయింది. పదేళ్ళకొకసారి తీసిన లెక్కల్లో మొత్తాలు మాత్రమే అచ్చయ్యాయి తప్ప, ఇంటింటికీ తిరిగి రాసిన విడి పత్రాలను భద్రపరచలేదు. నూరేళ్ళ క్రితం పల్లెలో ఒక మనిషి పేరు కాగితం మీదికి ఎక్కిందంటే, దానివల్ల ఎవరికో ఒక అవసరం ఉండి ఉండాలి. సర్కారుకు శిస్తు కావాలి, షావుకారుకు ఇచ్చిన అప్పుకు పూచీ కావాలి, పురోహితుడికి సంకల్పంలో చదవడానికి మూడు తరాల పేర్లు కావాలి. కాబట్టి మీ ముత్తాతగారి పేరుతో ఎవరికి ఏ పని పడిందో ఊహించి, ఆ పని చేసినవారి కాగితాల దగ్గరికి వెళ్ళడమే ఈ వెతుకులాటలోని కిటుకు.

అయితే పేరు ఒక్కటే పట్టుకుని వెళితే దారి తప్పడం ఖాయం. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే ఇంటిపేరుతో ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. అన్నదమ్ములు ముగ్గురూ తమ తండ్రి పేరునే కొడుకులకు పెట్టుకుంటే, ఒకే ఊళ్ళో ఒకే కాలంలో ముగ్గురు వెంకట సుబ్బయ్యలు తయారవుతారు. వాళ్ళను వేరు చేసేది తండ్రి పేరు, లేదా పేరుకు ముందు పెద, చిన అన్న మాట, లేదా వాళ్ళ పొలం. ఈ మూడింటిలో తరాలు మారినా కదలనిది పొలమే కనుక నేను ఎప్పుడూ పొలానికే ఓటు వేస్తాను.

అంతకంటే ముందు ఇంట్లోనే దొరికే సమాధానం ఒకటి ఉంది. ముత్తాతగారి తండ్రి ఎవరన్న ప్రశ్నకు మీ నాన్నగారే, లేదా మీ ఇంటి పురోహితుడే జవాబు చెప్పగలిగి ఉండాలి. తద్దినంలో కర్త తన తండ్రిని వసురూపునిగా, తాతను రుద్రరూపునిగా, ముత్తాతను ఆదిత్యరూపునిగా గోత్రనామాలతో చెబుతాడు. మీ నాన్నగారు కర్తగా కూర్చున్నప్పుడు రెండో పేరు మీరు వెతుకుతున్న ముత్తాతగారిది, మూడో పేరు ఆయన తండ్రిది. మీ తాతగారు తన తండ్రికి పెట్టిన తద్దినంలోని మూడు పేర్లు ఎవరికైనా గుర్తుంటే ఇంకో తరం పైకి వెళతారు. పెళ్ళిలో చదివే ప్రవరలోనూ ఫలానావారి ప్రపౌత్రుడు, పౌత్రుడు, పుత్రుడు అని మూడు తరాలు వస్తాయి. మహాలయ పక్షంలో చేసే తర్పణం ఇంకా విలువైనది. అందులో తల్లి వైపు పెద్దలతో పాటు పెదనాన్నలు, చిన్నాన్నలు, సంతానం లేకుండా పోయినవారు కూడా చోటు చేసుకుంటారు కనుక, ఓడెక్కిన ఆ తమ్ముడి పేరు మీ తాతగారి తర్పణాల జాబితాలో ఉండే అవకాశం ఉంది. చాలామంది పురోహితులు ఈ పేర్లను యజమానుల వారీగా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటారు. మీ పాత పురోహితుడు కాలం చేసి ఉంటే ఆయన కొడుకులను అడగండి. తద్దినాలు లేని ఇళ్ళలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు తలుచుకునే పేర్లు ఇదే పని చేస్తాయి. క్రైస్తవ కుటుంబాలకు సంఘం బాప్తిస్మ రిజిస్టర్లు ఉంటాయి. గుంటూరు ప్రాంతంలో లూథరన్ మిషన్ 1842లోనే మొదలైంది.

ఇక తిథి సంగతి. తిథి ఉండి సంవత్సరం లేకపోవడం మామూలే, కాని "పెద్ద జ్వరాల ఏడు" అన్న మాట మీకు సగం దారి చూపిస్తోంది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశమంతా పాకి, మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) ఆ ఏడాది చివరి నెలల్లో ఎక్కువ ప్రాణాలు తీసింది. ఆ సంవత్సరం కాళయుక్తి, ఆ ఏటి ఆశ్వయుజ బహుళ ఏకాదశి అక్టోబరు నెలాఖరులో వచ్చింది. రెండూ ఇంత చక్కగా కలవడం చూస్తే 1918ని మొదటి ఊహగా పెట్టుకోవచ్చు. ఊహ అనే ఎందుకు అంటున్నానంటే, మలేరియా విజృంభించిన సంవత్సరాలను కూడా జనం జ్వరాల ఏడనే చెప్పుకున్నారు. దీన్ని తేల్చేది మరణాల రిజిస్టరు. 1899 నాటి మద్రాసు జనన మరణాల నమోదు చట్టం ప్రకారం గ్రామాధికారులు రాసిన రిజిస్టర్లు తాలూకా కచేరీలకు చేరాయి. ఇప్పుడు అవి ఉంటే తహసీల్దారు కార్యాలయం రికార్డు గదిలో ఉండాలి. చెదలకు, వానకు పోగా ఎన్ని మిగిలాయన్నది ఊరిని బట్టి ఉంటుంది. వెతికించమని దరఖాస్తు పెడితే నకలైనా ఇస్తారు, దొరకలేదని ధ్రువపత్రమైనా ఇస్తారు. ఆ రెండోది వచ్చినా ఫరవాలేదు, ఆ దారిలో మళ్ళీ మళ్ళీ తిరిగే శ్రమ తప్పుతుంది.

రిజిస్టరు దొరికితే 1918 అక్టోబరు, నవంబరు నెలల పేజీలను వరుసగా, ఒక్క పేరూ వదలకుండా చదవండి. మీ ముత్తాతగారితో పాటు అదే ఇంట్లో మరొకరు పోయి ఉండవచ్చు, ఆ సంగతి ఇంట్లో ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. కారణం గడిలో "జ్వరం" అని ఉన్నంత మాత్రాన ఇన్‌ఫ్లుయెంజా అని నిర్ధారించకండి, అప్పట్లో సగం చావులకు ఆ ఒక్క మాటే రాసేవారు. తేదీ ఒక రోజు అటూ ఇటూ అయితే కంగారు పడకండి, తిథి ఇంగ్లీషు తేదీలాగా అర్ధరాత్రి మారదు. వయసు గడిని మాత్రం అసలు నమ్మకండి. 40, 45, 50 అంటూ అయిదుల్లోనే వయసులు చెప్పే అలవాటు అన్ని పాత కాగితాల్లోనూ కనిపిస్తుంది. 50 అని ఉంటే 1863 నుంచి 1873 లోపు ఎప్పుడైనా పుట్టి ఉండవచ్చని అర్థం చేసుకుని, ఇంట్లోని పెద్దల మాటలతో సరిచూడండి. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన రక్తాక్షిలో వచ్చింది. పెద్ద కరువు 1876లో, ధాతలో మొదలైంది. ముత్తాతగారు ధాత కరువు నాటికి పశువులు కాసే ఈడు పిల్లవాడని ఏ మేనత్త నోటనైనా వస్తే, ఆ మాట రిజిస్టరులోని అంకె కంటే గట్టిది.

ఇప్పుడు పొలం దగ్గరికి వద్దాం. మీ గ్రామం కదలకపోయినా జిల్లా కదిలింది. 1904 వరకు మీ తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఆ ఏడు గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది, 2022 ఏప్రిల్ నుంచి బాపట్లే జిల్లా అయింది. కనుక ఏ కాలపు కాగితం కావాలో ఆ కాలపు జిల్లా పేరుతో అడగాలి. 1890ల నాటి దస్తావేజు కోసం గుంటూరు జిల్లా అని రాసి దరఖాస్తు పెట్టి, లేదనిపించుకుని తిరిగి వచ్చినవారు తక్కువేం కాదు. సర్వే నంబర్ల సంగతీ ఇంతే. ఇటీవలి రీసర్వేలో ఒక్కొక్క కమతం పటానికి (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) ఇచ్చిన ఎల్‌పీఎం నంబరు, దానికి ముందు వందేళ్ళపాటు నడిచిన, వెనకటి రీసర్వే నాటి ఆర్‌.ఎస్‌. నంబరు, అంతకు ముందున్న పాత సర్వే నంబరు, ఈ మూడూ ఒకే చెక్కకు వేర్వేరు పేర్లు. పాత నంబరుకూ కొత్త నంబరుకూ పొత్తు చూపే పట్టికను సర్వే శాఖవారి దగ్గర ముందుగా తీసుకోండి, అది లేకుండా మిగతా కాగితాలు చదవడం వృథా.

నంబరు చేతికి వచ్చాక చూడవలసినది, శిస్తు నిర్ణయించినప్పుడు రాసిన సెటిల్‌మెంటు రిజిస్టరు. ఇంగ్లీషు, తెలుగు రెండింటిలోనూ ఉంటుంది కనుక దాన్ని డైగ్లాటు అంటారు. తర్వాతి సర్వే నాటిది రీసెటిల్‌మెంటు రిజిస్టరు, అంటే ఆర్‌.ఎస్‌.ఆర్‌. ఒక్కొక్క నంబరుకు విస్తీర్ణం, మెట్టా పల్లమా, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అన్నవి అందులో ఉంటాయి. దాదాపు ముప్పై ఏళ్ళ తేడాతో తయారైన ఈ రెండు రిజిస్టర్లను పక్కపక్కన పెడితే, మొదటి దాంట్లో తండ్రి పేరు, రెండో దాంట్లో కొడుకుల పేర్లు కనిపించి, ఆ మధ్యలో వారసత్వం నడిచిందన్నది తేలిపోతుంది. ఏ పొలం ఎవరు సాగు చేశారో ఏటేటా రాసే అడంగళ్ళు, పట్టాదారు లెక్కలు కూడా ఉపయోగపడతాయి. వాటి మీద ఉండే ఫసలీ (రెవెన్యూ) సంవత్సరానికి 590 కలిపితే జులైలో మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అంటే ఫసలీ 1328 అన్నది 1918-19. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు లెక్కలన్నీ అప్పగించారనే అంటారు గాని, పాత కరణంగారి ఇంటి అటక మీద ఇప్పటికీ కొన్ని కట్టలు ఉండవచ్చు. మర్యాదగా అడిగితే చూడనిచ్చేవారే ఎక్కువ.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ చెప్పేవి రిజిస్టరు దస్తావేజులు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో వచ్చే ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచి మాత్రమే, అంతకు ముందువాటి కోసం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేతిరాత సూచికలు తిరగేయాలి. స్థిరాస్తి దస్తావేజుల నకళ్ళుండే ఒకటో పుస్తకాన్నీ, దాని సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ఆ హక్కు ఇచ్చింది. సూచికలు రెండు రకాలు. ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఊరూ సర్వే నంబరుతో. రెండోదే ముందు చూడమని నా సలహా, ఎందుకో పైనే చెప్పాను. వీలునామాలు, దత్తత అధికారం ఇచ్చే పత్రాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసిన మనిషి చనిపోయాక వాటి నకలు ఎవరడిగినా ఇస్తారు.

ఒక దస్తావేజు నకలు చేతికి వచ్చిందనుకుందాం. "గుంటూరు జిల్లా, బాపట్ల తాలూకా, ఫలానా గ్రామ కాపురస్థుడు, ఫలానా వారి కుమారుడు, వ్యవసాయము, వయస్సు సుమారు 40 సంవత్సరములు" అని మొదలవుతుంది. ఈ ఒక్క వాక్యంలోనే తండ్రి పేరు, వృత్తి, అప్పటికి కాపురమున్న ఊరు వచ్చేశాయి. తర్వాత "నాకు పిత్రార్జితముగా సంక్రమించి" అని ఉందా, "నా స్వార్జితమైన" అని ఉందా చూడండి. మొదటిదైతే మీ వాళ్ళు కనీసం ఒక తరం ముందు నుంచి ఆ ఊళ్ళో ఉన్నట్టు, రెండోదైతే ముత్తాతగారే ఎక్కడినుంచో వచ్చి కొని ఉండవచ్చు. ఆ తర్వాత హద్దులు వస్తాయి. తూర్పు ఫలానావారి పొలం, దక్షిణం డొంక అని ఉండే ఆ నాలుగు పంక్తులను చాలామంది చదవకుండా వదిలేస్తారు. ఉమ్మడి పొలాన్ని పంచుకున్న అన్నదమ్ముల చెక్కలు ఆనుకునే ఉంటాయి కనుక, హద్దుల్లో అదే ఇంటిపేరు కనిపిస్తే ఆయన దాయాది కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. ఆ దాయాది దస్తావేజులు కూడా తీయించండి, వాళ్ళిద్దరికీ ఉమ్మడి అయిన తాతగారి పేరు వాటిలో బయటపడుతుంది. అన్నదమ్ములు విడిపోయిన పారీఖత్తు (పంపకాల దస్తావేజు) దొరికిందంటే ఇక వంశవృక్షం చేతికి వచ్చినట్టే.

అమ్మకానికి కారణం కూడా దస్తావేజులోనే రాసి ఉంటుంది. "కుటుంబ ఖర్చుల నిమిత్తము", "మా తండ్రిగారు చేసిన బాకీలు తీర్చు నిమిత్తము" వంటి మాటలు చూసి వెంటనే కథ అల్లుకోకండి. ఉమ్మడి ఆస్తి అమ్మితే రేపు కొడుకులు దావా వేయకుండా ఉండటానికి, తగిన అవసరం ఉన్నట్టు చూపాలి కనుక లేఖరులు ఈ మాటలను అలవాటుగా రాసేవారు. ఏ తేదీ ప్రామిసరీ నోటు తాలూకు అసలు ఎంత, వడ్డీ ఎంత అని వివరంగా ఉంటే మాత్రం నమ్మవచ్చు. అదే చోట "నా కొరకున్ను, నా మైనరు కుమారుల కొరకున్ను" అంటూ పిల్లల పేర్లు వయసులతో సహా ఉంటాయి, మీ తాతగారు ఆరేళ్ళ పిల్లవాడిగా అక్కడ కనబడితే ఆశ్చర్యపోకండి. కింద వేలిముద్రా, చేవ్రాలా చూస్తే ఆయనకు చదువు వచ్చో రాదో తెలుస్తుంది. సాక్షుల్లో ఒకరు తరచుగా భార్య వైపువారు. ముత్తవ్వ పుట్టింటిని కనిపెట్టడానికి ఈ సాక్షులు, "పసుపు కుంకుమల క్రింద" ఇచ్చిన దాన దస్తావేజులు, భర్త పోయాక రాయించుకున్న మనోవర్తి (భరణం) పత్రాలు తప్ప వేరే దారులు చాలా తక్కువ.

దస్తావేజు దొరకకపోతే ఆస్తి లేదని అనుకోనక్కర్లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నూరు రూపాయల లోపు విలువైన భూమిని రిజిస్టరు చేయించకుండానే స్వాధీనపరిచి అమ్మవచ్చు, ఆ రోజుల్లో చిన్న చెక్కలు చాలా వరకు అలాగే చేతులు మారాయి. పొలం కోర్టు వేలంలో పోయి ఉంటే, ఆ వేలం సర్టిఫికెట్ నకలు కూడా ఒకటో పుస్తకంలోనే దాఖలవుతుంది. అందులోని దావా నంబరు పట్టుకుని జిల్లా కోర్టు రికార్డుల్లో ప్రయత్నించవచ్చు. మీ కుటుంబానికి ఎప్పుడైనా ఇనాం భూమి ఉండి ఉంటే మాత్రం మీ అదృష్టం. గ్రామ సేవకు ఇచ్చినదైనా, దేవాలయ కైంకర్యానికి ఇచ్చినదైనా ఆ ఇనాం ఎవరికి వచ్చింది, అనుభవించేవారు ఎవరు, వారి వయసెంత అన్నవి 1858లో ఏర్పడ్డ ఇనాం కమిషన్ విచారించి రాసిన ఇనాం ఫేర్ రిజిస్టరులో ఉంటాయి. కరణాలకు, అర్చకులకే కాక వడ్రంగులకు, మంగళ్ళకు, చాకళ్ళకు, వెట్టివాళ్ళకు కూడా ఇందులో చోటుంది, పట్టా భూమి లేని కుటుంబాల పూర్వీకుల పేర్లు దొరికే అరుదైన రిజిస్టరు ఇది.

ఓడెక్కిన తమ్ముడి విషయంలో ఆయన ఎటు వెళ్ళాడన్నదే కీలకం. రంగం, అంటే రంగూన్ వెళ్ళినవారిలో చాలామంది మేస్త్రీ వెంట డెక్కు టికెట్టు మీద వెళ్ళారు. వాళ్ళకు ఒప్పంద కూలీలకు ఉన్నట్టు మనిషి మనిషికీ పత్రాలు ఉండవు. నేటాల్, మారిషస్, ఫిజీలకు ఒప్పందం మీద వెళ్ళి ఉంటే పరిస్థితి పూర్తిగా వేరు. 1860 నుంచి 1911 వరకు నేటాల్‌కు వెళ్ళిన సుమారు 1,52,000 మందిలో ఎక్కువ భాగం మద్రాసు రేవు నుంచి ఎక్కినవారే. ఓడల జాబితాల్లో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం ఉన్నాయి. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903 నుంచే నడిచాయి, 1916తో ఆగిపోయాయి. మారిషస్ కాగితాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. ఈ జాబితాల్లో పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసినవి, ఇంటిపేరు దాదాపు ఉండదు. అందుకని 1904కు ముందువైతే జిల్లా కృష్ణా అని, తర్వాతివైతే గుంటూరు అని ఉన్నవన్నీ తీసి, తండ్రి పేరుతో జల్లెడ పట్టండి. తండ్రి పేరు మీకు సంకల్పంలో దొరుకుతుందని ముందే అన్నాను, కాబట్టి ఈ పని ఆ తర్వాతే.

పల్నాడు కుటుంబం సంగతి. ఇంటిపేరు, గోత్రం రెండూ కలిసినంత మాత్రాన ఒకే వంశమని నేను ఒప్పుకోను. చాలా ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లే కనుక, ఒక ఊరి నుంచి వలస వెళ్ళిన సంబంధం లేని రెండు కుటుంబాలకు అదే ఇంటిపేరు రావచ్చు. ఒక కులంలో గోత్రాలు కొన్నే ఉంటాయి కనుక అవి కలవడం పెద్ద విశేషమేమీ కాదు. దానికి తోడు దత్తత ఇంటిపేరును, గోత్రాన్ని మార్చేస్తుంది, ఇల్లరికం ఇంటిపేరు మార్చకుండా ఊరిని మారుస్తుంది. మీ రెండు కుటుంబాల్లోనూ ఈ రెండింటి గురించి సూటిగా అడగండి, మొహమాటపడితే ఇరవై ఏళ్ళు తప్పు దారిలో నడుస్తారు. కాపు, రెడ్డి, కమ్మ కుటుంబాలకు పిచ్చకుంట్లవారు, గొల్లలకు మందెచ్చులవారు, పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివారు వంశాలు చెప్పే ఆనవాయితీ ఉంది. మీ ఊరు వాళ్ళ మిరాసీలో (వంశపారంపర్య హక్కుగా వచ్చిన ఊళ్ళలో) ఉంటే పిలిపించి చెప్పించుకోండి, రికార్డు చేసుకోండి. వాళ్ళు చెప్పే మూలపురుషుడి కథను కథగానే ఉంచి, చివరి నాలుగైదు తరాల పేర్లను మాత్రం దస్తావేజులతో పోల్చండి. ఆ భాగం వాళ్ళు ఊరికి వచ్చినప్పుడల్లా కొత్త పేర్లు చేర్చుకుంటూ పోయినది, ఆశ్చర్యపడేంత సరిగ్గా ఉండవచ్చు.

డీఎన్ఏ పరీక్ష గురించి కూడా ఎవరో సలహా ఇచ్చారన్నారు. రెండు కుటుంబాల్లో పెద్ద వయసువారు ఒక్కొక్కరు పరీక్ష చేయించుకుంటే దగ్గరి చుట్టరికం ఉందో లేదో తెలియవచ్చు గాని, అది ఏ తాత ద్వారా వచ్చిందో చెప్పదు, మేనరికాలు ఎక్కువగా జరిగిన కుటుంబాల్లో ఫలితం గందరగోళంగా ఉంటుంది. నాకు నమ్మకం కలిగించే రుజువు ఒక్కటే. పల్నాడు ఊరి పాత సెటిల్‌మెంటు రిజిస్టరులోనో, ఒక పారీఖత్తులోనో మీ ముత్తాతగారి తండ్రి పేరు ఆయన తండ్రి పేరుతో సహా కనిపించాలి, ఆ తర్వాతి రిజిస్టరు నాటికి ఆ వాటా మరొకరి పేరు మీదికి వెళ్ళి ఉండాలి, దాదాపు అదే కాలంలో బాపట్ల తాలూకాలో ఆయన స్వార్జితంగా పొలం కొన్నట్టు ఉండాలి. మూడింటిలో రెండు దొరికితే వాళ్ళను బంధువులని పిలవండి. ఒక్కటే దొరికితే వంశవృక్షంలో ఆ గీతను పెన్సిలుతో గీసి, పక్కన దస్తావేజు నంబరు, సంవత్సరం రాసి ఉంచండి.